ఫైల్‌జిల్లాలో సర్వర్ కనెక్షన్ భద్రంగా పెట్టుకోవడం ఎలా: ఓకే నొక్కే ముందు చూడాల్సినవి

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేయించి అమ్మే ఒకాయన పోయిన ఎండాకాలం నాకు ఫోన్ చేశాడు. "తమ్మీ, మా సైటు తెరిస్తే జంపఖానాలు కనబడుత లేవు. పేకాట ఆడుమని వస్తుంది. ఏందిది?" అన్నాడు. వెళ్లి చూస్తే నిజమే. షాపు కంప్యూటర్‌లో ఫైల్‌జిల్లా ఉంది. సైటు ఫైళ్లను సర్వర్‌లోకి, అంటే సైటు ఉండే దూరపు కంప్యూటర్‌లోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్ అది. అందులో సర్వర్ పాస్‌వర్డ్ సేవ్ చేసి ఉంది. కనెక్షన్ చూస్తే ఏ తాళమూ లేని మామూలు ఎఫ్‌టీపీ. అదే కంప్యూటర్‌లో వాళ్లబ్బాయి దొంగ కాపీ గేములు కూడా వేసుకున్నాడు. పాస్‌వర్డ్ దారిలో పోయిందో, ఇంట్లోంచే పోయిందో నేను తేల్చలేకపోయాను. రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి మరి.

సైటు కడిగి మళ్లీ నిలబెట్టడానికి మూడు రోజులు పట్టింది. అదే ముందుగా సెట్టింగులు సరిచేసుకుని ఉంటే అరగంట పని. మీరు హన్మకొండలో చిన్న షాపు సైటు చూసుకుంటున్నా, కాలేజీ ప్రాజెక్టు ఫైళ్లు సర్వర్‌లోకి ఎక్కిస్తున్నా, ఆ అరగంట పని ఏమిటో కింద వరుసగా చెప్తాను. నేను ఫైల్‌జిల్లా పేరుతో చెప్తున్నాను, ఎందుకంటే మన దగ్గర ఎక్కువమంది వాడేది అదే. విన్‌ఎస్‌సీపీ వాడేవాళ్లకు మెనూలు వేరుగా ఉంటాయి గానీ విషయం ఒకటే.

ముందు మూడు పేర్లు విడదీసుకోండి

ఎఫ్‌టీపీ, ఎఫ్‌టీపీఎస్, ఎస్‌ఎఫ్‌టీపీ. మూడూ ఫైళ్లను ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు పంపే పద్ధతులే. వింటే ఒకే ఇంటి పిల్లల్లా ఉంటాయి. హోస్టింగ్ వాళ్లకు, అంటే మీ సైటుకు సర్వర్‌లో చోటు ఇచ్చేవాళ్లకు ఫోన్ చేసినప్పుడు సగం గందరగోళం ఇక్కడే పుడుతుంది. కాబట్టి ఎస్ ముందుందా వెనకుందా అని రెండుసార్లు అడిగి మరీ రాసుకోండి.

ఎఫ్‌టీపీ మొదటి నియమాలు రాసింది మన దేశం నుంచి వెళ్లిన మనిషే. ఐఐటీ కాన్పూర్ మొదటి బ్యాచ్‌లో చదివి ఎంఐటీకి వెళ్లిన అభయ్ భూషణ్ 1971 ఏప్రిల్‌లో వాటిని రాశాడు. అప్పటి నెట్‌వర్క్‌లో ఉన్నవి కొన్ని యూనివర్సిటీలు, కొన్ని పరిశోధన సంస్థలే. ఊళ్లో అందరూ అందరికీ తెలిసినప్పుడు తలుపుకు గొళ్లెం కూడా పెట్టం కదా, అలాంటి రోజులవి. అందుకే ఎఫ్‌టీపీలో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఉన్నవి ఉన్నట్టుగానే తీగలో వెళ్తాయి. నమ్మకం కుదరకపోతే వైర్‌షార్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, మీ కనెక్షన్‌ను మీరే ఒకసారి చూడండి. యూజర్ అని ఒక లైను, పాస్ అని ఇంకో లైను, దాని పక్కనే మీ పాస్‌వర్డ్ అక్షరం పొల్లుపోకుండా కనిపిస్తుంది. చదవడానికి పెద్ద చదువులేమీ అక్కర్లేదు. ఇంటికి తాళం వేసి, తాళంచెవికి అడ్రసు చీటీ కట్టి కరీంనగర్ బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపినట్టు ఉంటుంది వ్యవహారం.

బ్రౌజర్లు కూడా దీన్ని వదిలేశాయి. 2021లో ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండూ ఎఫ్‌టీపీని పూర్తిగా తీసేశాయి.

ఎఫ్‌టీపీఎస్ అంటే అదే పాత ఎఫ్‌టీపీ, కానీ టీఎల్‌ఎస్ అనే కవచం లోపల. బ్యాంకు సైటు తెరిచినప్పుడు అడ్రసు ముందు హెచ్‌టీటీపీఎస్ అని ఉంటుంది చూడండి, ఆ కవచమే ఇది. దీంట్లో మళ్లీ రెండు రకాలు. (కింద పోర్టు అన్నప్పుడల్లా సర్వర్‌కున్న నంబరు తలుపు అనుకోండి.) ఎక్స్‌ప్లిసిట్ అంటే మామూలు 21వ పోర్టు దగ్గరికే వెళ్లి "ముందు కవచం వేసుకుందాం, తర్వాత మాట్లాడుకుందాం" అని అడగడం. ఇంప్లిసిట్ అంటే 990వ పోర్టులో మొదటి మాట నుంచే కవచంతో మొదలుపెట్టడం. ఇంప్లిసిట్ పాత పద్ధతి. హోస్టింగ్ వాళ్లు ప్రత్యేకంగా చెప్తే తప్ప దాని జోలికి పోనక్కర్లేదు.

ఎస్‌ఎఫ్‌టీపీ మాత్రం పేరులోనే చుట్టం, రక్తసంబంధం లేదు. అది ఎస్‌ఎస్‌హెచ్ మీద, అంటే దూరపు కంప్యూటర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి మీద నడుస్తుంది, 22వ పోర్టులో. ఫిన్లాండ్‌లో హెల్సింకి టెక్నాలజీ యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డ్‌లు దొంగిలిస్తే, అక్కడే ఉన్న తాతు ఉలోనెన్ 1995లో ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. ఎఫ్‌టీపీ 21, పాతకాలపు లాగిన్ పద్ధతి టెల్‌నెట్ 23. ఆ రెంటి మధ్య ఖాళీగా ఉన్న 22 తన ప్రోగ్రాంకు కావాలని అడిగి తీసుకున్నాడు. ఎస్‌ఎఫ్‌టీపీ ఆ తర్వాత దాని మీద కట్టిందే.

నా సలహా సూటిగా చెప్తాను. ఎస్‌ఎఫ్‌టీపీ దొరికితే అదే తీసుకోండి. ఒకే పోర్టు, గొడవ తక్కువ. అది లేకపోతే ఎక్స్‌ప్లిసిట్ ఎఫ్‌టీపీఎస్. ఈ రెండూ ఇవ్వలేమనే హోస్టింగ్ అయితే మార్చేయండి.

కంప్యూటర్ ముందు కూర్చోక ముందే

హోస్టింగ్ ప్యానెల్ తెరిచి గానీ, వాళ్లకు ఫోన్ చేసి గానీ ఇవి ఒక కాగితం మీద రాసుకోండి: హోస్ట్ పేరు, పోర్టు నంబరు, యూజర్‌నేమ్, ఏ ప్రోటోకాల్ (పైన చెప్పిన పద్ధతుల్లో ఏది), సర్వర్ ఫింగర్‌ప్రింట్. మొదటి నాలుగూ ఎవరైనా చెప్తారు. ఐదోది అడిగితే అవతలి కుర్రాడు ఒక్క నిమిషం ఆగుతాడు. ఆగనివ్వండి. అసలు పని దాంతోనే ఉంది, కింద చెప్తాను.

యూజర్‌నేమ్ దగ్గర ఒక మెలిక. సీప్యానెల్ అనే హోస్టింగ్ ప్యానెల్ ఉన్నచోట అసలు అకౌంట్ యూజర్‌నేమ్ పొట్టిగా ఉంటుంది. మీరు అదనంగా తయారుచేసే ఎఫ్‌టీపీ అకౌంట్లకు మాత్రం పేరు, ఎట్ గుర్తు, డొమైన్ అన్నీ కలిపి పూర్తిగా ఇవ్వాలి, ఈమెయిల్ అడ్రసులా. పైగా ఆ అదనపు అకౌంట్లతో ఎస్‌ఎఫ్‌టీపీ కుదరదు. అవి సర్వర్‌లో నిజమైన యూజర్లు కావు, ఎఫ్‌టీపీ సర్వీసుకు మాత్రమే తెలిసిన పేర్లు. ఎస్‌ఎఫ్‌టీపీకి అసలు అకౌంటే కావాలి, దానికి ఎస్‌ఎస్‌హెచ్ అనుమతి ఉండాలి. ఇది తెలియక నేనే ఒక పూటంతా తప్పు పాస్‌వర్డ్ అనుకుంటూ కొట్టుకున్నాను.

ఇక ఫైల్‌జిల్లా లేకపోతే, ఆ ప్రాజెక్టు సొంత సైటు నుంచే దించుకోండి. గూగుల్‌లో వెతికితే పైన ప్రకటనల్లో వచ్చేవాటిని నొక్కకండి. 2014 జనవరిలో అచ్చం ఫైల్‌జిల్లాలాగే పనిచేస్తూ, లాగిన్ వివరాలను చాటుగా దొంగలకు పంపే నకిలీ ఇన్‌స్టాలర్లను అవాస్ట్ అనే యాంటీవైరస్ కంపెనీ వాళ్లు బయటపెట్టారు. చూడ్డానికి తేడానే తెలియదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఇంకేదో సాఫ్ట్‌వేర్ కూడా వేసుకోమని అడిగితే డిక్లైన్ నొక్కి ముందుకు పొండి.

సైట్ మేనేజర్‌లో నింపడం

పైన కనిపించే క్విక్ కనెక్ట్ పట్టీ వాడకండి. సులువే, కానీ అక్కడ ఎన్‌క్రిప్షన్ ఏది కావాలో ఎంచుకునే చోటు లేదు. పైగా మీరు కొట్టినవన్నీ హిస్టరీలో మిగులుతాయి. షాపులో నలుగురు కూర్చునే కంప్యూటర్ అయితే అసలే వద్దు.

1. ఫైల్ మెనూలో సైట్ మేనేజర్ తెరవండి. న్యూ సైట్ నొక్కి మీకు గుర్తుండే పేరు పెట్టండి.

2. ప్రోటోకాల్ దగ్గర ఎస్‌ఎఫ్‌టీపీ ఎంచుకోండి. హోస్టింగ్ వాళ్లు ఎఫ్‌టీపీఎస్ అని చెప్పి ఉంటే ఎఫ్‌టీపీ అనే ఉంచండి, మిగతాది తర్వాతి గడిలో ఉంది.

3. ఎఫ్‌టీపీ ఎంచుకున్నవాళ్లకు మాత్రమే ఎన్‌క్రిప్షన్ అనే గడి కనిపిస్తుంది. దాంట్లో మొదట ఉండేది "యూజ్ ఎక్స్‌ప్లిసిట్ ఎఫ్‌టీపీ ఓవర్ టీఎల్‌ఎస్ ఇఫ్ అవైలబుల్". ఇది మార్చాలి. "ఇఫ్ అవైలబుల్" అంటే దొరికితే కవచం, దొరక్కపోతే లేకుండానే పోదాం అని. ఇప్పటి వెర్షన్లు కవచం లేనప్పుడు ఒక హెచ్చరిక చూపిస్తాయి నిజమే. కానీ తొందరలో ఉన్న మనిషి హెచ్చరిక చదవడు, ఓకే నొక్కుతాడు. దారి మధ్యలో కూర్చున్నవాడు కావాలనే "కవచం లేదు" అని సర్వర్ తరఫున జవాబు ఇవ్వగలడు కూడా. కాబట్టి "రిక్వైర్ ఎక్స్‌ప్లిసిట్ ఎఫ్‌టీపీ ఓవర్ టీఎల్‌ఎస్" పెట్టండి. అప్పుడు కవచం లేకపోతే కనెక్షనే కలవదు. ఓకే నొక్కే అవకాశమే ఉండదు.

4. హోస్ట్ గడిలో మీ డొమైన్ పేరు కాకుండా, హోస్టింగ్ వాళ్లు చెప్పిన సర్వర్ పేరు రాయండి. షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే సర్వర్ మీద వందల సైట్లుంటాయి. సర్వర్ తానెవరో చూపించే సర్టిఫికెట్ చాలాసార్లు సర్వర్ పేరు మీదే ఉంటుంది. మీ డొమైన్ రాస్తే పేర్లు కలవడం లేదని గోల పెడుతుంది. మీరు అలవాటుగా దాన్ని దాటేయడం నేర్చుకుంటారు. ఆ అలవాటే ప్రమాదం.

5. పోర్టు ఖాళీగా వదిలినా ప్రోటోకాల్‌ను బట్టి అదే సర్దుకుంటుంది. హోస్టింగ్ వాళ్లు 22 కాకుండా వేరే నంబరు చెప్పి ఉంటే అది రాయండి.

6. లాగాన్ టైప్ దగ్గర "ఆస్క్ ఫర్ పాస్‌వర్డ్" పెట్టండి. ప్రతిసారీ అడుగుతుంది. నెలకు రెండుసార్లు ఎక్కించేవాళ్లకు అదేమంత భారం కాదు.

ఇప్పుడు కనెక్ట్ నొక్కండి.

ఆ పెట్టె వచ్చినప్పుడు

మొదటిసారి కలిసేటప్పుడు ఒక పెట్టె వస్తుంది. ఎస్‌ఎఫ్‌టీపీ అయితే "అన్‌నోన్ హోస్ట్ కీ", ఎఫ్‌టీపీఎస్ అయితే "అన్‌నోన్ సర్టిఫికెట్". అందరూ ఓకే నొక్కేది ఇక్కడే. నేను కూడా చాలా ఏళ్లు అలాగే నొక్కాను.

టీఎల్‌ఎస్ అయినా ఎస్‌ఎస్‌హెచ్ అయినా దారిలో ఎవరూ వినకుండా కాపాడుతుంది. కానీ మీరు మాట్లాడుతున్నది ఎవరితో? దొంగతోనే గుసగుసగా మాట్లాడితే ఎవరూ వినలేదని సంతోషపడి ఏం లాభం? రేషన్ దుకాణంలో బియ్యం ఇచ్చే ముందు వేలిముద్ర పెట్టమంటారు. కార్డు ఎవరైనా పట్టుకు రావచ్చు, వేలు మాత్రం ఆ మనిషిదే. సర్వర్ కూడా ఈ పెట్టెలో తన వేలిముద్ర చూపిస్తుంది. తేడా ఏమిటంటే, ఇక్కడ మీరు డీలరు. ముద్ర కలిసిందో లేదో చూడాల్సింది మీరే.

ఎస్‌ఎఫ్‌టీపీలో ఆ ముద్ర ఎస్‌హెచ్‌ఏ256 అని మొదలై, దాని తర్వాత 43 అక్షరాల గొలుసుగా ఉంటుంది. ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి. పెద్ద అక్షరానికీ చిన్న అక్షరానికీ తేడా ఉంది, కాబట్టి ఫోన్‌లో చెప్పించుకునేటప్పుడు "పెద్ద కె, చిన్న కె" అని అడిగి రాసుకోండి. ఎఫ్‌టీపీఎస్ సర్టిఫికెట్‌కు అయితే రెండేసి అక్షరాలు చొప్పున 32 జతలు ఉంటాయి. అక్కడ ఆ పెద్దా చిన్నా గొడవ లేదు. కాగితం మీద ఉన్నదాంతో మొదటి నుంచి చివరి దాకా కలపండి. మొదటి నాలుగు, చివరి నాలుగు చూసి వదిలేయకండి. ఆ నాలుగూ కలిసేలా వేరే కీ తయారుచేయడం ఓపికున్నవాడికి పెద్ద కష్టం కాదు.

ఎస్‌ఎఫ్‌టీపీలో కీ రకాన్ని బట్టి ముద్ర మారుతుంది. అదే సర్వర్‌కు ఆర్‌ఎస్‌ఏ ముద్ర ఒకటి, ఈడీ25519 ముద్ర ఇంకొకటి. పెట్టెలో ఏ రకం రాసి ఉందో చూసి, అదే రకం ముద్ర అడగండి. లేకపోతే ఉత్తగా టెన్షన్ పడతారు.

సొంత సర్వర్ అద్దెకు తీసుకున్నవాళ్లకు ఎవరినీ అడగక్కర్లేదు. హోస్టింగ్ వాళ్ల సైటులో లాగిన్ అయి, అక్కడి వెబ్ కన్సోల్ తెరవండి. అది వేరే దారి కాబట్టి నమ్మవచ్చు. అందులో ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ కమాండ్‌కు ఎల్, ఎఫ్ అనే రెండు ఆప్షన్లు ఇచ్చి, సర్వర్ హోస్ట్ కీ పబ్లిక్ ఫైల్ చూపిస్తే ముద్ర తెర మీద పడుతుంది.

సర్టిఫికెట్ పెట్టెలో ఇంకో రెండు చూడాలి. పేరు మీరు రాసిన హోస్ట్‌తో కలిసిందా, గడువు తేదీ దాటిందా. అన్నీ కలిస్తే "ఆల్వేస్ ట్రస్ట్" దగ్గర టిక్ పెట్టి ఓకే నొక్కండి. ఇక రోజూ అడగదు.

ఒకవేళ రోజూ బాగానే కలిసే సర్వర్ ఒకనాడు హఠాత్తుగా, కీ మారింది అని హెచ్చరిస్తే ఆగండి. సర్వర్ మార్చి ఉండవచ్చు, మళ్లీ ఇన్‌స్టాల్ చేసి ఉండవచ్చు. మధ్యలో ఎవరైనా దూరి కూడా ఉండవచ్చు. కొత్తవాడ ఆయనకు నేను ముద్రను చిట్టా పుస్తకం చివరి పేజీలో రాసిచ్చాను. రెండు నెలల తర్వాత ఫోన్: "తమ్మీ, అక్షరాలు కలుస్తలేవు. నేనేం నొక్కలే." హోస్టింగ్ వాళ్లను అడిగితే సైటును కొత్త సర్వర్‌కు మార్చారట, చెప్పడం మర్చిపోయారట. కొత్త ముద్ర చెప్పించుకుని, పాతది కొట్టేసి పక్కన రాసుకున్నాడు. ఇంజినీరింగ్ చదివిన నా దోస్తుల్లో ఈ పని చేసేవాళ్లు ఇద్దరు కూడా లేరు.

ఎఫ్‌టీపీఎస్‌లో మాత్రం ముద్ర మారడం అంత అరుదు కాదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ లాంటి ఉచిత సర్టిఫికెట్లు వాడే సర్వర్లలో గడువు 90 రోజులో, అంతకన్నా తక్కువో. కొత్తది వచ్చినప్పుడల్లా ముద్ర మారుతుంది. అక్కడ పేరు, జారీ చేసినవాళ్లు, తేదీలు మూడూ చూడండి. నాకు ఎస్‌ఎఫ్‌టీపీ ఎక్కువ నచ్చడానికి ఇదీ ఒక కారణం.

పాస్‌వర్డ్ ఎక్కడ దాక్కుంటుంది

ప్రతిసారీ పాస్‌వర్డ్ కొట్టలేం, సేవ్ చేయాల్సిందే అనేవాళ్లకు ఒక సంగతి. ఫైల్‌జిల్లా సైట్ మేనేజర్ వివరాలను మీ కంప్యూటర్‌లో ఒక మామూలు ఫైల్‌లో రాస్తుంది. పాస్‌వర్డ్ అందులో బేస్64 రూపంలో ఉంటుంది. చూడ్డానికి రహస్య లిపిలా ఉంటుంది గానీ రహస్యమేమీ లేదు. వెనక్కి తిప్పడానికి తాళంచెవి కూడా అక్కర్లేదు, క్షణం పని. దొంగ కాపీ గేములతో పాటు వచ్చే వైరస్‌లు ముందు వెతికే ఫైళ్లలో ఇదొకటి.

దీనికి మందు ఫైల్‌జిల్లాలోనే ఉంది. ఎడిట్ మెనూలో సెట్టింగ్స్, అందులో ఇంటర్‌ఫేస్, దాని కింద పాస్‌వర్డ్స్. "సేవ్ పాస్‌వర్డ్స్ ప్రొటెక్టెడ్ బై ఎ మాస్టర్ పాస్‌వర్డ్" ఎంచుకుని ఒక గట్టి మాస్టర్ పాస్‌వర్డ్ పెట్టండి. అప్పటి నుంచి అవి నిజంగా ఎన్‌క్రిప్ట్ అవుతాయి. మాస్టర్ పాస్‌వర్డ్ మర్చిపోతే మాత్రం సేవ్ చేసినవి తిరిగి రావు.

సైట్ వివరాలు ఎక్స్‌పోర్ట్ చేసి ఆ ఫైల్‌ను వాట్సాప్‌లో పంపడం నేను చాలాసార్లు చూశాను. దాంతో పాటు పాస్‌వర్డ్‌లూ పోతాయి. పంపకండి.

పాస్‌వర్డే లేకుండా

ఎస్‌ఎఫ్‌టీపీ వాడేవాళ్లు ఇంకో మెట్టు ఎక్కవచ్చు. పాస్‌వర్డ్ బదులు కీ ఫైల్. దీన్ని తాళం కప్ప, తాళంచెవి అనుకోండి. కప్పను ఎవరికైనా ఇవ్వొచ్చు, సర్వర్ తలుపుకు తగిలించొచ్చు. చెవి మాత్రం మీ దగ్గరే.

విండోస్‌లో పుట్టీజెన్ అనే కీలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ తెరిచి, కీ రకం దగ్గర ఎడ్‌డీఎస్‌ఏ, అందులో ఈడీ25519 ఎంచుకుని జనరేట్ నొక్కండి. మౌస్‌ను ఖాళీ జాగాలో ఇష్టం వచ్చినట్టు తిప్పమంటుంది, తిప్పండి. పాస్‌ఫ్రేజ్, అంటే ఆ కీ ఫైల్‌కు వేసే పాస్‌వర్డ్, తప్పకుండా పెట్టండి. ఫైల్ ఎవరి చేతికైనా చిక్కినా అది తెలియకుండా పనికిరాదు. సేవ్ ప్రైవేట్ కీ నొక్కి మీ దగ్గర పెట్టుకోండి. పైన పెట్టెలో కనిపించే పొడుగు అక్షరాలు కప్ప. వాటిని మొత్తం కాపీ చేసి హోస్టింగ్ ప్యానెల్‌లో ఎస్‌ఎస్‌హెచ్ కీల దగ్గర ఇంపోర్ట్ చేయండి. సీప్యానెల్‌లో ఇంపోర్ట్‌తో పని అయిపోదు. మేనేజ్ దగ్గరికి వెళ్లి ఆథరైజ్ కూడా చేయాలి. ఆ ఒక్క నొక్కు మర్చిపోయి, కీ పనిచేయట్లేదని వదిలేసినవాళ్లున్నారు.

ఫైల్‌జిల్లాకు వచ్చి లాగాన్ టైప్‌ను కీ ఫైల్‌గా మార్చి, ఆ ప్రైవేట్ ఫైల్ చూపించండి. అంతే.

కలవకపోతే

ఫైల్‌జిల్లా పైభాగంలో వరుసగా మెసేజ్‌లు పరుగెడుతుంటాయి. చాలామంది చివరిదే చూస్తారు. కానీ జబ్బు దాని పై రెండు మూడు లైన్లలో ఉంటుంది.

కనెక్షన్ రిఫ్యూజ్డ్ అని వస్తే మీరు ఆ మెషీన్ దాకా వెళ్లారు, ఆ పోర్టులో తలుపు తీసేవాళ్లు లేరు. పోర్టు నంబరు తప్పై ఉంటుంది, లేదా ఆ సర్వీసు నడవట్లేదు. టైమ్డ్ అవుట్ అంటే జవాబే లేదు, మామూలుగా 20 సెకన్లు చూసి ఫైల్‌జిల్లా విసుగుపడుతుంది. దారిలో కాపలా కాసే ఏదో ఫైర్‌వాల్ మింగేస్తోంది. కాలేజీ, ఆఫీసు వైఫైల్లో 21, 22 పోర్టులు మూసి ఉంచడం మామూలే. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి చూడండి. దాంట్లో కలిస్తే లోపం ఆ వైఫైదే. ఇంట్లో నిన్నటిదాకా కలిసి, ఈరోజు తప్పు పాస్‌వర్డ్ నాలుగైదుసార్లు కొట్టాక కలవకపోతే, సర్వర్ మీ ఐపీని, అంటే ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్ నంబరును కాసేపు నిషేధించి ఉంటుంది. చాయ్ తాగి రండి. అప్పటికీ రాకపోతే హోస్టింగ్ వాళ్లకు మీ ఐపీ చెప్పి తీయించండి.

530 అంటే లాగిన్ తప్పు. పైన చెప్పిన యూజర్‌నేమ్ మెలిక చూడండి.

అందరినీ ఎక్కువ ఏడిపించేది మాత్రం ఇంకొకటి. టీఎల్‌ఎస్ కలిసింది అంటుంది, లాగిన్ అయింది అంటుంది, తర్వాత "ఫెయిల్డ్ టు రిట్రీవ్ డైరెక్టరీ లిస్టింగ్" అని ఆగిపోతుంది. పాస్‌వర్డ్ సరైనదే, సర్వర్ సరైనదే, ఫోల్డర్లు మాత్రం కనబడవు. ఎందుకంటే ఎఫ్‌టీపీ రెండు తీగలతో పనిచేస్తుంది. ఒకటి మాటలకు, ఇంకొకటి సరుకుకు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తీసుకెళ్లినట్టు అనుకోండి. గేటు దగ్గర చీటీ రాయించుకోవడం ఒక పని, కాంటా దగ్గర బస్తాలు దించడం ఇంకో పని. ప్యాసివ్ మోడ్‌లో సర్వర్ "ఫలానా నంబరు కాంటాకు రా" అని ఒక పెద్ద పోర్టు నంబరు చెప్తుంది, మీరు అక్కడికి వెళ్తారు. యాక్టివ్ మోడ్‌లో సర్వరే మీ ఇంటికి సరుకు తెస్తానంటుంది. కానీ మీ రౌటర్ వాచ్‌మన్ లాంటిది, పిలవని వాళ్లను లోపలికి రానివ్వదు. మొబైల్ డేటాలో అయితే మీలాంటివాళ్లు బోలెడుమంది ఒకే ఐపీ వెనక ఉంటారు, మీ ఇల్లు ఏదో దానికి దొరకనే దొరకదు.

అందుకని సైట్ మేనేజర్‌లో ట్రాన్స్‌ఫర్ సెట్టింగ్స్ తెరిచి ప్యాసివ్ ఎంచుకోండి. అప్పటికీ లిస్టింగ్ రాకపోతే సర్వర్ వైపు ఆ పెద్ద పోర్టుల వరుసను ఫైర్‌వాల్‌లో తెరవలేదని అర్థం. మామూలు ఎఫ్‌టీపీ అయితే ఫైర్‌వాల్ ఆ మాటలు చదివి, ఏ పోర్టు కావాలో తెలుసుకుని తనే తెరిచేది. కవచం వేశాక అది చదవలేదు. అందుకే "మామూలుగా పనిచేస్తుంది, టీఎల్‌ఎస్ పెడితే పనిచేయదు" అనే ఫిర్యాదు వస్తుంది. దానికి టీఎల్‌ఎస్ తీసేయడం మందు కాదు, ప్యాసివ్ పోర్టులు తెరవమని హోస్టింగ్ వాళ్లను అడగాలి. లేదా ఎస్‌ఎఫ్‌టీపీకి మారిపోవాలి. దాంట్లో మాటలూ సరుకూ ఒకే తీగలో పోతాయి.

ఇంకొకటి, పాత కంప్యూటర్ల జబ్బు. ఏ సర్వర్‌కు వెళ్లినా సర్టిఫికెట్ ఇంకా మొదలే కాలేదు అంటుంది. కింద మూలన తేదీ చూడండి. పదేళ్ల వెనక ఉంటుంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది. సీఆర్2032 అని అడిగితే వాచీల షాపులోనూ దొరుకుతుంది. కరెంటు పోయినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంటే ఇదే సంగతి.

ఎక్కించేటప్పుడు

ఎవరు చదవొచ్చు, ఎవరు రాయొచ్చు అని చెప్పే అనుమతుల నంబర్లు ఫోల్డర్లకు 755, ఫైళ్లకు 644 చాలు. ఏదో పనిచేయట్లేదని ఇంటర్నెట్‌లో చూసి 777 పెట్టేస్తారు. ఆ సర్వర్‌లో ఉన్న ఎవరైనా రాసిపోవచ్చు అని దానర్థం. తెలుగు పేర్లున్న ఫైళ్లు ప్రశ్నార్థకాలుగా మారుతుంటే క్యారెక్టర్ సెట్ ట్యాబ్‌లో ఫోర్స్ యూటీఎఫ్-8 పెట్టండి. సగంలో కరెంటు పోతే, మళ్లీ ఎక్కించేటప్పుడు ఫైల్ ఉంది ఏం చేయాలి అని అడుగుతుంది. సైజు వేరైతే దాని మీద రాసేయమని చెప్పండి. సగం ఎక్కిన ఇండెక్స్ ఫైల్ సైటునే తెల్ల పేజీ చేసేస్తుంది. నాలుగు వందల చిన్న ఫొటోలు ఎక్కించేటప్పుడు 421 అని వచ్చి ఆగిపోతే, ట్రాన్స్‌ఫర్ సెట్టింగ్స్‌లో ఒకేసారి తెరిచే కనెక్షన్ల సంఖ్య తగ్గించండి.

అన్నీ కుదిరాక చేయాల్సిన పని ఒకటి మిగిలింది, చాలామంది వదిలేసేది అదే. పాత పాస్‌వర్డ్ మార్చండి. ఇన్నాళ్లూ అది కవచం లేకుండా తిరిగింది. ఇప్పుడు దారి భద్రమైనా, పాతది ఎవరి దగ్గరైనా ఉంటే వాళ్లు ఈ భద్రమైన దారిలోనే దర్జాగా వస్తారు. హోస్టింగ్ ప్యానెల్ తెరిచి ఎఫ్‌టీపీ అకౌంట్ల జాబితా చూడండి. ఎప్పుడో సైటు చేసిచ్చిన అబ్బాయి పేరు మీద, మానేసిన పనివాడి పేరు మీద ఉన్నవి తీసేయండి. కొత్తవాడ సైటులో అలాంటివి నాలుగు దొరికాయి. అందులో ఒకటి ఎవరిదో ఆయనకూ తెలియదు.